రిజల్ట్ షీట్‌లో లేని పిల్లల లెక్క ఎవరు చెప్తరు?

జూనియర్ బేస్‌బాల్ టోర్నమెంట్ అయిపోంగనే ఒక ఫోటో వస్తది. మెడల పతకాలు, చేతుల కప్పు, వెనక బ్యానర్, నడిమిట్ల ఒక నాయకుడు. కింద స్కోరు. మనం లైక్ కొట్టి ముందుకు పోతం. పిల్లలు గెలిస్తే సంతోషమే, అందులో పేచీ లేదు. పేచీ ఆ షీట్ మీద కనపడని పిల్లల గురించే.

"బేస్‌బాల్‌తో మనకేం పని" అనేటోళ్లకు ముందుగాల ఒక మాట. 2020లో కేంద్ర ప్రభుత్వం స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు లెక్కలోకి వచ్చే ఆటలను 43 నుంచి 63కు పెంచింది. కొత్తగా చేరిన 20 ఆటల్లో బేస్‌బాల్ ఒకటి. జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర జట్టు తరఫున ఆడిన సర్టిఫికెట్ కూడా ఆ కోటా అర్హతల్లో ఉంది. అంటే కప్పు గెలవకపోయినా, జట్టుల పేరుంటే రేపు ఒక కొలువుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది ఉత్త ఆట కాదు, కొలువు కాగితం. కొలువు కాగితం ఉన్నకాడ ఎవరి పేరు రాస్తరు, ఎవరిది రాయరు అన్న ప్రశ్న తప్పకుండా ఉంటది.

ఇగ పాతబస్తీకి రండి. 12 ఏళ్ల పిల్లల బేస్‌బాల్‌కే బేసుకూ బేసుకూ మధ్య 60 అడుగులు కావాలె. వెనక కంచె దాకా 200 అడుగుల జాగ ఉండాలె. ఫీల్డింగ్ చేసే తొమ్మిది మందికి తొమ్మిది గ్లవ్స్, బ్యాటింగ్‌కు హెల్మెట్లు, క్యాచర్‌కు మాస్కు, ఛాతీకీ కాళ్లకూ గార్డులు. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల ఒక ఆటో ఎదురైతే ఇంకో ఆటో వెనక్కి పోవాలె. ఆ గల్లీల పెరిగే పిల్లకు 200 అడుగుల ఖాళీ జాగ ఎవరిస్తరు?

జాగ దొరికినా ఇంకో గోడ ఉంది. స్కూల్ గేమ్స్‌లో తొలి మెట్టు స్కూలే. బడి జట్టులో ఉంటేనే జోన్, జిల్లా, రాష్ట్రం. బడే లేని పిల్లగాడు ఏ మెట్టు ఎక్కాలె? 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి 200కు పైగా బాల కార్మికులను విడిపించిన్రు. ఎక్కువ మంది బీహార్ నుంచి తెచ్చిన పిల్లలు. అండర్-14 ఆడాల్సిన వయసు అది. వాళ్లు ఏ టోర్నమెంట్లోనూ ఓడిపోలేదు. వాళ్లను అసలు మైదానంలకే రానియ్యలేదు. ఏ రిజల్ట్ షీట్‌లో రాస్తరు ఈ సంగతి?

"అక్కడోళ్లకు ఆటల మీద సోయి లేదు" అని తేలిగ్గ అనేటోళ్లు కొంచెం చరిత్ర చదవాలె. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరంల బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్‌లో ఇండియాను నాలుగో స్థానంల నిలబెట్టిందీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిందీ ఆయన కోచింగే. బార్కాస్‌ల ఇయ్యాల్టికీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. సోయి ఉంది. లేనిది జాగ, లేనిది కాగితం.

ఆ కాగితం పిల్లలను ఎట్ల కొడ్తదో చూడాలంటే బేస్‌బాల్‌ను నెత్తిన పెట్టుకున్న అమెరికాకే పోదాం. అక్కడ ఏటా పిల్లలకు లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ జరుగుతది. 1992లో ఫిలిప్పీన్స్‌లోని జంబోవాంగా పిల్లలు ఫైనల్లో 15-4తో గెలిచిన్రు. తర్వాత కొందరు వేరే ప్రాంతపోళ్లని తేలింది. కప్పు గుంజుకొని, కాలిఫోర్నియా జట్టు 6-0తో గెలిచినట్టు రాసిన్రు. 2014లో షికాగో నల్లజాతి పిల్లల జట్టు జాకీ రాబిన్సన్ వెస్ట్ అమెరికా ఛాంపియన్ అయింది. దేశమంతా సంబురం. 2015 ఫిబ్రవరిలో, పెద్దలు సరిహద్దు మ్యాపు మార్చిన్రని ఆ టైటిల్ కూడా తీసేసిన్రు. మ్యాపు మార్చుడు తప్పే, కాదనం. కానీ మ్యాపు గీసింది పెద్దలు, ఊడింది పిల్లల టైటిల్. ఇదెక్కడి న్యాయం?

"రూల్ రూలే కదా" అంటరా? అయితే జిమ్ థార్ప్ కథ వినండి. సాక్ అండ్ ఫాక్స్ తెగ బిడ్డ, ఆదివాసి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లో బంగారం కొట్టిండు. అంతకు ముందు 1909, 1910 ఎండాకాలాల్లో నార్త్ కరోలినాలో కొద్దిపాటి పైసలకు బేస్‌బాల్ ఆడిండు. పైసలు తీసుకొని ఆడినోడు అమెచ్యూర్ కాదని 1913లో పతకాలు గుంజుకున్నరు. చాలామంది కాలేజీ ఆటగాళ్లు దొంగ పేర్లతో ఇట్లనే ఆడి తప్పించుకున్నరు. థార్ప్ సొంత పేరుతో ఆడిండు, దొరికిండు. అప్పటి రూల్ ప్రకారం అభ్యంతరం ఏదైనా 30 రోజుల్లోపే చెప్పాలె. ఆయన మీద ఫిర్యాదు వచ్చింది ఆరు నెలల తర్వాత! ఆదివాసి మీద రూల్ నడిచింది. ఆదివాసిని కాపాడే రూల్ మాత్రం పక్కకు పోయింది. 1953లో ఆయన చనిపోయిండు. 1983లో పిల్లలకు నకలు పతకాలు ఇచ్చిన్రు. ఏకైక విజేత అని రికార్డు సరిచేసింది 2022లో. 109 ఏండ్ల తర్వాత.

అందుకే అంటున్నం, ఫలితం ఆకాశం నుంచి ఊడిపడదు. కలం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు రాస్తరు. పాతబస్తీ పిల్లకూ, మన ఆశ్రమ పాఠశాల పిల్లకూ అడ్డం ఉన్నది ఒకే గోడ. ఒకరికి జాగ లేదు. ఒకరికి జాగ ఉన్నా గ్లవ్ లేదు, కోచ్ లేడు. ఇద్దరికీ పుట్టినతేదీ ఆధార్‌ల ఒకటి, బడి రిజిస్టర్ల ఇంకొకటి ఉంటే గేటు కాడనే ఆపేస్తరు.

మనం అడగాల్సింది దయ కాదు, లెక్క. సెలక్షన్స్‌కు ఏ బడుల నుంచి ఎందరొచ్చిన్రు, ఎవర్ని ఎందుకు తీసుకున్నరు, ఫలితాలతో పాటే బయటపెట్టాలె. బడి మానేసిన పిల్లలకూ, హాస్టల్ పిల్లలకూ నేరుగా ట్రయల్స్ పెట్టాలె. పాతబస్తీల సర్కారు గ్రౌండ్లు సభలకూ పార్కింగ్‌కూ కాదు, సాయంత్రం పిల్లలకు ఫ్రీగా ఇయ్యాలె. కాగితంల తప్పుంటే ఆటకు ముందే సరిచేసే టైం ఇయ్యాలె. పెద్దలు దొంగ కాగితం పెడితే శిక్ష పెద్దలకే పడాలె.

ఈసారి కప్పు ఫోటో కనపడితే లైక్ కొట్టండి, పిల్లలకు శుభాకాంక్షలు చెప్పండి. దాని కిందనే ఒక ప్రశ్న కూడా రాయండి: ఈ ఆటకు రానియ్యని పిల్లలెందరు?