చెరువు చిత్తడి నేల కాదట!

ఊరికి నీరిచ్చే చెరువు ప్రభుత్వ నిర్వచనంలో చిత్తడి నేల కాదంటే నమ్మశక్యం కాదు. అయినా నిజమదే. చిత్తడి నేలల పరిరక్షణకు కేంద్రం 2010లో జారీచేసిన నిబంధనల్లో చెరువుల ప్రస్తావన స్పష్టంగా ఉండేది. వాటి స్థానే 2017లో వచ్చిన నిబంధనలు తాగునీటికి, సాగునీటికి ప్రత్యేకించి నిర్మించిన చెరువులను నిర్వచనం నుంచే తప్పించాయి. దక్కను పీఠభూమిలోనూ, తమిళనాటనూ పల్లెలకు శతాబ్దాలుగా ప్రాణాధారమైన గొలుసుకట్టు చెరువులు మనుషులు కట్టుకున్నవే కదా!

చెరువులను చూసుకోవడానికి నీటిపారుదల శాఖలున్నాయని వాదించవచ్చు. ఆ శాఖల దృష్టి ప్రధానంగా తూము కింది ఆయకట్టుపైనే. చెరువు చేసే మేలు తూముతో ముగియదు. వానాకాలపు వరదను ఆపి, నెలల తరబడి నేలలోకి ఇంకించి, కట్ట దిగువ బావుల్లో వేసవి దాకా ఊట నిలిపేది చెరువే. ఆయకట్టు రైతు బోరు వేసుకుని చెరువును మరచిన నాడు శాఖకు దానితో పని తీరుతుంది. శిఖం భూమిపై కన్నేసిన వారికి అప్పుడే పని మొదలవుతుంది. ఇంటింటికీ కుళాయి బిగించవచ్చు. అడుగంటిన బోరు నుంచి అందులోకి నీరెలా వస్తుంది?

కేంద్రం 2023లో ప్రకటించిన తొలి గణన ప్రకారం దేశంలోని జలవనరులు 24,24,540. అందులో 97.1 శాతం పల్లెల్లోనివే. 16.3 శాతం వినియోగంలో లేవు. ఎండిపోవడం, పూడిక, కట్టడాలు, ఉప్పదనం అందుకు కారణాలని ఆ గణనే చెప్పింది. 2.25 హెక్టార్లకు మించిన చిత్తడి నేలల హద్దులను క్షేత్రస్థాయిలో మూడు నెలల్లో తేల్చాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. స్వాగతించదగిన ఆదేశమే. కానీ ఐదారు ఎకరాలైనా లేని ఊరి కుంటలకు అది వర్తించదు.

గుర్తింపు ఒక్కటే చాలదన్న మాటా వాస్తవమే. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరును చేపల చెరువుల గట్లు ఎంతగా కుదించాయో తెలియనిది కాదు. సరస్సులో మట్టం తగ్గిన వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నుతుంది. ఆ ఉప్పునీటి కష్టం లంక గ్రామాలదే. అయితే గుర్తింపు ఉన్నందువల్లనే అక్కడి ఆక్రమణలపై కోర్టు తలుపు తట్టడం సాధ్యమైంది. మారుమూల కుంటకు ఆ ఆసరా కూడా లేదు.

2010 నాటి నిర్వచనంలోని చెరువులను తిరిగి చేర్చడానికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కర లేదు. పర్యావరణ మంత్రిత్వ శాఖ నోటిఫికేషన్ చాలు. కుంటల హద్దులు గుర్తించే పనిని గ్రామ పంచాయతీలకు అప్పగిస్తే, ఏ ఏడు అలుగు ఎంతదాకా పారిందో చెప్పగల పెద్దలు ఊళ్లలో ఇంకా ఉన్నారు.