సిరా అంటని ఓటు

2024 మే 13 పొద్దున నిద్ర లేచేసరికి ఫోన్లో నాన్న పంపిన ఫొటో ఉంది. అందులో మనిషి లేడు, ఎడమచేతి చూపుడువేలు మాత్రమే ఉంది. గోరు మీదుగా నల్లటి గీత. కింద "అయింది" అని ఒక్క మాట. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఏడింటికల్లా వెళ్ళి రెండు గంటలు లైన్లో నిలబడ్డాట్ట. అమ్మ మోకాళ్ళ నొప్పులకి ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ మోసుకెళ్ళారట. ఆ రోజంతా తెనాలిలో ఒక బూత్ దగ్గర ఎమ్మెల్యేకీ ఓటరుకీ మధ్య నడిచిన చెంపదెబ్బల వీడియో ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరుగుతూనే ఉంది. "మీ ఊరేగా?" అని ఆఫీసులో ఒక హైదరాబాదు అబ్బాయి అడిగాడు. మా ఊరే. కానీ అక్కడ నాకు ఓటు లేదు.

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. అప్పటిదాకా ఒక్కసారీ ఓటెయ్యలేదు. 2019 ఏప్రిల్ 11న ఆంధ్రలో పోలింగు జరిగినప్పుడు నేను చెన్నైలో ఇంజినీరింగు చదువుతున్నాను. మా క్లాసులో ఆంధ్ర వాళ్ళంతా ముందు రోజు రాత్రి దొరికిన బస్సెక్కి ఊళ్ళకి పోయారు. నేను పోలేదు. లిస్టులో నా పేరు లేదు. ఎందుకు లేదంటే ఫారం 6 నేను నింపలేదు. దీనికి ఎవర్నీ తిట్టడానికి లేదు, ఉత్త బద్ధకం. 2021 సెప్టెంబరులో ఎమ్మెస్సీ కోసం రెడింగ్ వచ్చేశాను. పౌరసత్వం వదులుకోని ప్రవాసులు కూడా ఓటరుగా నమోదు చేసుకోవచ్చని 2010లో మన చట్టం మార్చారు, దానికి ఫారం 6ఎ అని ఒకటుంది. అయితే ఓటు మాత్రం స్వయంగా వెళ్ళి సొంత ఊరి బూత్‌లోనే వెయ్యాలి. ఈసారి విమానం టికెట్టు కొనుక్కుని వెళ్ళి వేసొచ్చినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళంటే గౌరవమూ ఉంది, కాస్త కుళ్ళూ ఉంది.

అలాంటిదాన్ని, 2024 జులై 4న జీవితంలో మొదటి ఓటు వెయ్యడానికి సిద్ధమయ్యాను. మూడో చార్లెస్ రాజుగారి పార్లమెంటుకి. చేతిలో ఇండియా పాస్‌పోర్టు పట్టుకుని.

"నీకింకా అక్కడి సిటిజన్‌షిప్ రాలేదు కదమ్మా?" అని నాన్న ఇప్పటికి నాలుగుసార్లు అడిగాడు. రాలేదు. అక్కర్లేదు కూడా. కామన్వెల్త్ దేశాల పౌరులెవరైనా సరైన వీసా మీద ఇక్కడ కాపురముంటుంటే, 18 నిండితే, పార్లమెంటు ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు. స్టూడెంట్ వీసా అయినా సరే. ఇన్నేళ్ళు ఉండి ఉండాలన్న లెక్క లేదు. పోలింగ్ స్టేషన్లో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలన్న నియమం సార్వత్రిక ఎన్నికల్లో 2024లోనే మొదలు. వాళ్ళు ఒప్పుకునే వాటిలో మన పాస్‌పోర్టు కూడా ఉంది.

ఇదేదో మన మీద ప్రేమతో ఇచ్చింది కాదు. పాత సామ్రాజ్యం ఇల్లు ఖాళీ చేసి వెళుతూ మర్చిపోయిన సామాను లాంటిది. 1918 చట్టం ప్రకారం ఓటు బ్రిటిష్ ప్రజలది. తెనాలి దగ్గర పొలం దున్నుకునే మా ముత్తాత కూడా అప్పుడు బ్రిటిష్ ప్రజే. ఓడెక్కి లండన్ వచ్చి ఇల్లు తీసుకుని ఉంటే ఆయనకిక్కడ ఓటు వచ్చేది, ఊళ్ళో ఉన్నంతకాలం తనని పాలించే పార్లమెంటుని ఎన్నుకునే దారి లేదు. అంతకు ముందే, 1892లో, దాదాభాయి నౌరోజీ లండన్‌లో ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి ఎంపీగా గెలిచాడు. మెజారిటీ ఐదు ఓట్లు. సామ్రాజ్యం పోయాక 1948లో పేర్లు మారాయి, ప్రజలు కాస్తా కామన్వెల్త్ పౌరులయ్యారు, 1983 చట్టంలోనూ అదే మిగిలింది. ఇందులో ఒక తమాషా ఉంది. బ్రిటిష్ పాలన కింద లేని రువాండా కూడా ఇప్పుడు కామన్వెల్త్‌లో ఉంది. ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళని రువాండాకి పంపిస్తామని అప్పటి ప్రభుత్వం 2024 ఏప్రిల్లో చట్టం చేసింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అని ఇక్కడున్న రువాండా పౌరుడు ఆ ఎన్నికల్లో ఓటేసి చెప్పగలిగేవాడు.

మా పక్కింటి పోలిష్ ఆంటీ మాత్రం చెప్పడానికి లేదు. ఆవిడ 2005లో వచ్చింది. ఇద్దరు పిల్లలు ఇక్కడే పుట్టారు. ఈ వీధిలో ఎవరింటి చెత్తడబ్బా ఏ రోజు బయట పెట్టాలో నాకు నేర్పింది ఆవిడే. పంతొమ్మిదేళ్ళుగా పన్ను కడుతోంది. కౌన్సిల్ ఎన్నికల్లో ఓటుంది గానీ పార్లమెంటు ఎన్నికల్లో లేదు. ఐరోపా దేశాల్లో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్ళకి తప్ప ఎవరికీ లేదు. సిటిజన్‌షిప్ తీసుకోవాలంటే పదిహేను వందల పౌండ్ల పైనే ఫీజు, ఇంట్లో ఇద్దరికి కట్టేబదులు బాయిలర్ మార్చుకున్నామంది. మూడేళ్ళ క్రితం వచ్చిన నాకు ఓటుందని చెప్తే ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి వెయ్యి. చదివి వెయ్యి," అంది. నా మొదటి ఓటు గురించి ఎవరైనా చెప్పిన మంచి మాట అదొక్కటే.

మనవాళ్ళ సంగతి వేరు. యూకేలో మన కుర్రాళ్ళు చాలామంది ఓటర్ల జాబితాలో ఉన్నారు, ప్రజాస్వామ్యం మీద భక్తితో కాదు, జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరు పెరుగుతుందని ఎవరో సీనియర్ చెప్పాడు కాబట్టి. నేనూ అలా ఎక్కినదాన్నే. ఫోన్ కాంట్రాక్టు కోసం ఓటరునయ్యాను! మిగిలిన వాళ్ళు అసలు ఎక్కలేదు. "మనకుండదు," "వేస్తే వీసా రెన్యువల్‌లో అడుగుతారట" లాంటి పుకార్లు.

ఇప్పుడు అందరికీ ఓటు గుర్తొచ్చింది, సలహాలు మొదలయ్యాయి. మొదటిది, మనవాడికి వేద్దాం అని. 2022లో దీపావళి నాడు సునాక్ పార్టీ నాయకుడై ప్రధాని కావడం ఖాయమైనప్పుడు మా ఫ్లాట్లో కూడా స్వీట్లు పంచుకున్నాం. ఆ మనవాడి ప్రభుత్వమే 2024 ఏప్రిల్లో స్కిల్డ్ వర్కర్ వీసాకి కావలసిన జీతాన్ని 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచింది. వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌ఛార్జిని ఏడాదికి 1,035 పౌండ్లు చేసింది. 2024 జనవరి నుంచి మాస్టర్స్ చదివేవాళ్ళు భార్యనో భర్తనో తెచ్చుకోవడం ఆపేసింది. పోనీ అచ్చంగా తెలుగువాళ్ళకే వేద్దామా అంటే, 2024లో ఇద్దరు నిలబడ్డారు. నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ తరఫున ఉదయ్ నాగరాజు, స్టోక్ ఆన్ ట్రెంట్ సెంట్రల్‌లో కన్సర్వేటివ్ తరఫున చంద్ర కన్నెగంటి. ఒకే భాష, ఎదురెదురు పార్టీలు. ఇక్కడితో ఈ సలహా సంగతి అయిపోయింది.

రెండోది, వీసాలు తేలిక చేసేవాళ్ళకి వెయ్యమని. వెతికి చూశాను. 2023లో నికర వలస 6,85,000 అని 2024 మే నెలలో లెక్క వచ్చింది. దాన్ని తగ్గిస్తామని అప్పటి ప్రభుత్వమూ చెప్పింది, లేబర్ మానిఫెస్టోలోనూ ఉంది. రిఫార్మ్ వాళ్ళయితే అవసరం లేని వలసలన్నీ ఆపేస్తామన్నారు. అంటే నేను మొట్టమొదటిసారి ఓటు వేసే ఎన్నికల్లో పెద్ద పార్టీలన్నీ కలిసి ఒప్పుకున్న సంగతి ఒకటుంది. నాలాంటివాళ్ళు కొంచెం తక్కువగా ఉంటే బాగుండునని. తలుపు సందులోంచి పడే కరపత్రాల్లో అది మర్యాదగానే రాస్తారు. చదివి ఫ్రిజ్ మీద పెట్టుకోవాలా, చెత్తలో వెయ్యాలా తెలియదు.

మూడో సలహా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ముప్ఫయ్యేళ్ళ క్రితం డాక్టరుగా వచ్చి స్థిరపడ్డ ఒక అంకుల్ ఉగాది పార్టీలో పరిచయం. మొన్న ఫోన్లో అన్నారు, "చూడమ్మా, వీసా మీద ఉన్నవాళ్ళు అతిథుల కింద లెక్క. ఇంటివాళ్ళ తగాదాలో అతిథి వేలు పెట్టకూడదు. నేను పాస్‌పోర్టు వచ్చేదాకా వెయ్యలేదు." ఆయన నిజాయితీగానే అన్నారు, అందుకే కొట్టిపారెయ్యలేకపోయాను. మన దేశంలో ఓ విదేశీయుడు మూడేళ్ళుండి లోక్‌సభకి ఓటేస్తానంటే నేనే ఒప్పుకుంటానా? చెప్పలేను. పన్ను కడుతున్నాను కదా అనొచ్చు. అది నాకు నచ్చని వాదన. పన్ను కట్టేవాళ్ళకే ఓటంటే మా ఊళ్ళో సగంమందికి ఉండదు.

కానీ అతిథి అన్న మాట దగ్గర ఆగిపోయాను. అంతకు ముందు ఏడాది మా ఇంటి ఓనరు ఏ కారణమూ చెప్పకుండా రెండు నెలల్లో ఖాళీ చెయ్యమని నోటీసిచ్చాడు. దాన్ని సెక్షన్ 21 అంటారు. అప్పటి చట్టం ఒప్పుకునేది. ఆ సెక్షన్ తీసేస్తామని 2019 ఎన్నికల్లో గెలిచిన పార్టీ మాటిచ్చింది. బిల్లు పెట్టి నానబెట్టి, మే నెలలో పార్లమెంటు రద్దవడంతో అది అలాగే పోయింది. అతిథిని ఎవరూ నోటీసిచ్చి పంపరు. రెండు పెట్టెలు, ప్రెషర్ కుక్కరు పట్టుకుని గది వెతుక్కుంటూ తిరిగినప్పుడు నేను అతిథిని కాదు, ఈ దేశంలో లక్షలమంది అద్దెవాళ్ళలో ఒకదాన్ని. ఆ చట్టం నాకు వర్తించినప్పుడు, ఆ చట్టం చేసేవాళ్ళ విషయంలో నా మాట కూడా ఉండొచ్చు అనుకుంటున్నాను. పోలిష్ ఆంటీకి కూడా ఉండాలి. ఆవిడకి లేదని నేను మానుకుంటే ఆవిడకేమీ రాదు.

అందుకని వీసా సంగతి పక్కన పెట్టి, ఈ వీధిలో ఉండే మనిషిగా ఓటేద్దామనుకున్నాను. అద్దె, డాక్టరు అపాయింట్‌మెంటు, నదుల్లోకి వదులుతున్న మురుగు. ఈ నిర్ణయం చాలా గొప్పగా అనిపించింది, అక్కతో మాట్లాడేదాకా.

అక్క అంటే సొంత అక్క కాదు. నరసరావుపేట ఆవిడ, ఏప్రిల్లో కేర్ వర్కర్ వీసా మీద వచ్చింది. మా పక్క వీధిలో ఉంటూ ముసలివాళ్ళ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేస్తుంది. 2024 మార్చి 11 నుంచి ఈ వీసాకి దరఖాస్తు పెట్టేవాళ్ళు కుటుంబాన్ని తెచ్చుకోకూడదని నియమం వచ్చింది. నాలుగేళ్ళ పాప వాళ్ళమ్మ దగ్గర ఉంది. జూన్ 18 అర్ధరాత్రితో ఓటరు నమోదు ఆఖరు. 17 రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు మా ఇంటికి రమ్మని, నీకు కూడా ఓటుందక్కా అని చెప్పాను. నమ్మలేదు. "నన్ను వీళ్ళు ఓటడుగుతారా?" అంది. తర్వాత "నా పిల్లని తెచ్చుకోనిచ్చేవాళ్ళు ఎవరో చెప్పు, వాళ్ళకే వేస్తా. ఇంకేం చదవక్కర్లేదు నేను," అంది.

గెలిచే అవకాశమున్న రెండు పెద్ద పార్టీల్లో ఏదీ ఆ నియమం తీసేస్తాననలేదని చెప్పాల్సి వచ్చింది. వీసాని పక్కన పెట్టి ఓటెయ్యడం నాకున్న సదుపాయం. నాకు పిల్లల్లేరు, నా జీతం గీత దాటింది. ఆవిడకి అది ఒక్కటే సంగతి. నా పద్ధతి ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్లో ఫారం నింపడానికి ఐదు నిమిషాలు పట్టింది. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఆవిడకి కంఠతా వచ్చు. "క్రెడిట్ స్కోరన్నా పెరుగుద్దిలే," అని బ్యాగు తగిలించుకుని బస్సుకి పరిగెత్తింది.

పోయిన వారం చర్చి హాల్లో హస్టింగ్స్‌కి వెళ్ళాను. అభ్యర్థులందరినీ వరసగా కుర్చీల్లో కూచోబెట్టి జనం ప్రశ్నలడిగే సభ. ఒక్కొక్కరికి ఇన్ని నిమిషాలని గడియారం పెట్టారు. మైకులు బద్దలవలేదు, దండలు లేవు, బిస్కెట్లున్నాయి. మాది ఎర్లీ అండ్ వుడ్లీ, హద్దులు మార్చి 2024లోనే పుట్టించిన నియోజకవర్గం, నాలాగే దానికీ ఇది మొదటి ఎన్నిక. సెక్షన్ 21 గురించి అడుగుదామని కాగితం మీద రాసుకుని వెళ్ళాను. చెయ్యెత్తాక నోట్లోంచి వేరే ప్రశ్న వచ్చింది. "రాత్రంతా మీ అమ్మానాన్నల్ని చూసుకునే మనిషి తన నాలుగేళ్ళ పిల్లని చూసుకోకూడదని ఎందుకనుకుంటున్నారు?" గొంతు వణికింది. ఒకరు అంకెలు చెప్పారు. ఒకరు కష్టమైన ప్రశ్న అని మెచ్చుకుని మానేశారు. ఒకరు మాత్రం ఆవిడ ఏ షిఫ్టు చేస్తుందని తిరిగి అడిగారు. అది నాటకమో నిజమో ఎనిమిది రోజులుగా ఆలోచిస్తున్నాను. అద్దె సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇక్కడ పోలింగుకి సెలవుండదు. 1935 నుంచీ సార్వత్రిక ఎన్నికలన్నీ గురువారమే. పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా ఎప్పుడైనా వెళ్ళొచ్చు. మనకి రెండు రోజుల ముందే మందు షాపులు మూసేస్తారు కదా, ఇక్కడ కొన్నిచోట్ల పబ్బులోనే పోలింగ్ స్టేషన్ పెడతారని చెప్తే నాన్న నవ్వి నవ్వి దగ్గాడు. యంత్రం లేదు, కాగితం మీద పెన్సిలుతో ఇంటూ గుర్తు. వేలికి సిరా కూడా పెట్టరు. "మరి వేశావని నాకెట్లా తెలుస్తుంది?" అన్నాడు. ఫొటో పంపడానికి ఏమీ ఉండదు నాన్నా అన్నాను.

"ఇంతకీ ఎవరికేస్తున్నావు?"

"నువ్వెవరికేశావు?"

ముప్ఫయ్యేళ్ళలో అమ్మకి కూడా చెప్పలేదు ఆయన. కాసేపు లైన్లో ఫ్యాను చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత, "అన్నం తిన్నావా?" అన్నాడు.