ఆపరేటరు కళ్ళకి గంతలు కట్టకండి

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక జబ్బుంది. ఏ వస్తువు కొనాలన్నా ముందు ఎక్సెల్ షీటు తెరుస్తాం. అందులో ఎవడి అంకె పెద్దదైతే వాడే గెలిచినట్టు. ఆర్నెల్లకోసారైనా నాకిలాంటి షీటు ఒకటి వస్తుంది. పంపేది వారాంతాల్లో షార్ట్ ఫిల్ములు తీసే కొలీగో, పెళ్ళి వీడియోల యూనిట్ పెట్టుకున్న చుట్టమో. "స్టెడీక్యామ్ కుర్రాడికి మానిటరూ, వైర్‌లెస్సూ కొంటున్నాం, నువ్వు కంప్యూటర్లవాడివి కదా, ఏది మంచిదో చెప్పు" అని అడుగుతారు. కాలమ్స్ ఎప్పుడూ అవే: రెజల్యూషన్ ఎంత, రేంజి ఎంత, ధర ఎంత. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఎండలో బొమ్మ కనబడుతుందా? ఎంత ఆలస్యంగా కనబడుతుంది? ఆపరేటరుకి అన్నం పెట్టే ఈ రెండు కాలమ్సూ ఆ షీట్లో ఉండవు!

అసలు ఆ మానిటరు ఎందుకుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1976లో వచ్చిన 'బౌండ్ ఫర్ గ్లోరీ', 'రాకీ' సినిమాలతో గారెట్ బ్రౌన్ కనిపెట్టిన స్టెడీక్యామ్ లోకానికి తెలిసింది. 1978లో దానికి ఆస్కారూ వచ్చింది. మన దగ్గర 1989లో 'శివ' వచ్చాక ఆ పేరు సామాన్య ప్రేక్షకుల నోట్లోనూ నానింది. దాని కిటుకల్లా కెమెరాని మనిషి ఒంటి కదలిక నుంచి విడదీయడమే. వ్యూఫైండరుకి కన్ను ఆనించారా, మీ అడుగుల కుదుపంతా మళ్ళీ కెమెరాలోకి పోతుంది. అంచేత ఆపరేటరు కెమెరాలోంచి చూడడు, కింద వేలాడే మానిటర్లోంచి చూస్తాడు. బయటి ప్రపంచంలోకి అతనికున్న కిటికీ అదొక్కటే. తొలి రోజుల స్టెడీక్యాములకి రంగుల తెర కూడా లేదు, ఆకుపచ్చ సీఆర్‌టీ ఉండేది. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు, ఎండలో కనబడితే చాలు అని వాళ్ళకి అప్పుడే తెలుసు. మనకి ఇప్పటికీ తెలియలేదు.

వెలుగు లెక్క వేద్దాం. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్. మానిటరు తన మీద పడ్డ వెలుతుర్లో నూటికి ఒక్క వంతు చుట్టూ వెదజల్లుతుందనుకోండి. తెర మీద తేలే ఆ తెల్లటి పొరే సుమారు 320 నిట్లు అవుతుంది. మామూలు ల్యాప్‌టాప్ తెర మొత్తం వెలుగే 250 నుంచి 300 నిట్లు! అలాంటి తెర పట్టుకుని బయటికెళితే బొమ్మలో తెలుపుకీ నలుపుకీ మధ్య రెండింతల తేడా కూడా మిగలదు. 1500 నిట్ల తెరకి ఐదున్నర రెట్లు మిగులుతుంది. దానికి తోడు, వెదజల్లే వెలుతురు సగానికి తగ్గించే మంచి పూత కూడా ఉంటే తేడా పది రెట్లు దాటుతుంది. కాబట్టి నిట్లు ఎన్నో చూడండి, పూత ఎలాంటిదో కూడా చూడండి. స్మాల్‌హెచ్‌డి సినీ 7 కి 1800 నిట్లు, అటామోస్ షినోబి 5 అంగుళాల దానికి 1000 నిట్లు అని కంపెనీలే చెబుతాయి. బయట పనిచేసేవాడికి వెయ్యి అంటే గడప, అంతకంటే కిందకి దిగొద్దు. హుడ్ తగిలిస్తే చాలదా అంటారేమో. ఆపరేటరు ఒకచోట నిలబడి చూడడు కదా. పక్కనుంచి చూస్తాడు, వెనక్కి నడుస్తూ చూస్తాడు. హుడ్ ఎండతో పాటు అతని చూపునీ ఆపేస్తుంది.

ఇహ రెజల్యూషన్ సంగతి. స్లెడ్ మీద మానిటరు కంటికి దాదాపు మీటరు దూరంలో ఉంటుంది. ఆరోగ్యమైన కన్ను ఆ దూరంలో విడదీసి చూడగలిగేది అంగుళానికి 87 చుక్కలు. అంటే 7 అంగుళాల తెరకి అడ్డంగా 520 పిక్సెళ్ళు దాటితే మిగతావన్నీ గుడ్డివాడికి అద్దమే. 1280 పిక్సెళ్ళ తెర, 1920 పిక్సెళ్ళ తెర అతనికి ఒక్కటే. ఆ తేడాకి పెట్టే డబ్బు వెలుగు మీద పెట్టండి. ఫ్రేమ్ గీతలు తెర మీద స్పష్టంగా కనబడాలి, హొరైజన్ ఒరిగితే చెప్పే గీత ఉండాలి. ఫ్రాన్స్ కంపెనీ ట్రాన్స్‌వీడియో తన మానిటర్లలో ఆ గీతని లోపలే పెట్టింది. ఆపరేటర్ల కష్టం తెలిసినవాళ్ళు చేసే పని అది.

బరువు విషయంలోనూ ఇదే తంతు. "తేలికది కొన్నాం" అని సంబరపడతారు. చేత్తో పట్టుకునే గింబల్‌కైతే నిజమే, ప్రతి గ్రామూ భుజానికి తెలుస్తుంది. కానీ స్టెడీక్యామ్ స్లెడ్ మీద కింద ఉన్న మానిటరూ బ్యాటరీ పైనున్న కెమెరాకి సరితూగే బరువులు. అక్కడ మరీ తేలికది పెడితే బ్యాలెన్స్ కోసం ఇంకో చోట బరువు కట్టాల్సిందే.

ఇప్పుడు అసలు గొడవకొద్దాం, వైర్‌లెస్. త్రూపుట్ వేరు, లేటెన్సీ వేరు అని ఇంటర్వ్యూల్లో పిల్లల్ని పీక్కుతినే మనమే ఇక్కడ ఆ తేడా మర్చిపోతాం. హోలీల్యాండ్ మార్స్ 400 నే తీసుకోండి. పేరులో ఉన్న 400 అడుగుల రేంజి. ఆలస్యం 0.1 సెకను అని కూడా కంపెనీ దాచకుండా చెప్పింది, కానీ దాన్ని పేరులో పెట్టలేదు. ఎందుకంటే మనం చూసేది రేంజే! సెకనుకి 24 ఫ్రేముల్లో ఆ 0.1 సెకను దాదాపు రెండున్నర ఫ్రేములు. ఆపరేటరు సెకనుకి 60 డిగ్రీల చొప్పున పాన్ చేస్తున్నాడనుకుందాం. తెర మీద బొమ్మ 6 డిగ్రీలు వెనకబడుతుంది. సూపర్ 35 కెమెరాకి 50 మి.మీ. లెన్స్ తగిలిస్తే అడ్డంగా కనబడేదే 28 డిగ్రీలు. అంటే ఫ్రేములో ఐదో వంతు అబద్ధం. హీరో తల ఫ్రేము బయటికి వెళ్ళిపోయాక కూడా ఆపరేటరు తెర మీద క్షేమంగా ఉంటుంది.

ఫోకస్ పుల్లర్‌ది ఇంకా దీనమైన స్థితి. అదే లెన్స్ ఎఫ్ 2 దగ్గర, నటుడు 2 మీటర్ల దూరంలో ఉంటే షార్ప్‌గా ఉండే జాగా ముందూ వెనకా కలిపి సుమారు 16 సెంటీమీటర్లు. మనిషి మామూలు నడకలో 0.1 సెకనుకి 14 సెంటీమీటర్లు నడుస్తాడు. ఫోకస్ సరిగ్గా మనిషి మీదే పెట్టామనుకున్నా చెరోవైపు మిగిలేది 8. వైర్‌లెస్ బొమ్మ చూసి తిప్పితే, అతను కుదిరింది అనుకునేసరికే కళ్ళు మసకలోకి వెళ్ళిపోయాయన్నమాట. తర్వాత ఎడిటింగ్ రూములో తిట్లు తినేది ఎవరు? ఆ కుర్రాడే. షీటు తయారుచేసినవాడు కాదు.

"అలవాటైపోతుందిలే" అనే వాదన ఒకటుంది. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే ముందుగా ఊహించి తిప్పడం కొంతవరకు కుదురుతుందేమో. కానీ వీడియోని కుదించి వై-ఫై పద్ధతిలో పంపే చౌక సెట్లలో సిగ్నల్ తగ్గితే ఆలస్యం పెరుగుతుంది, ఒక్కోసారి బొమ్మ అక్కడే ఆగిపోతుంది. ఆగిన బొమ్మ అచ్చం నిజం బొమ్మలా ఉంటుంది, అదీ ప్రమాదం. చచ్చిన సర్వర్ 200 ఓకే పంపినట్టు! టెరాడెక్ బోల్ట్ లాంటి ఖరీదైన సెట్లు ఒక మిల్లీసెకను లోపే అందిస్తామంటాయి. వాటిలో సిగ్నల్ పలచబడితే ముందు బొమ్మ పాడవుతూ కనబడుతుంది, జాగ్రత్తపడమని చెబుతుంది. ఇక డబ్బా మీది రేంజి అంటారా, అది అడ్డేమీ లేని మైదానంలో కొలిచిన అంకె. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్ళే, 5 గిగాహెర్ట్జ్ తరంగాల్ని నీళ్ళు మింగేస్తాయి. ట్రాన్స్‌మిటరుకీ రిసీవరుకీ మధ్య ఆపరేటరు ఒళ్ళే అడ్డం. ఫంక్షన్ హాల్లో అయితే వెయ్యి మంది అతిథులు, వాళ్ళ జేబుల్లో వెయ్యి ఫోన్లు.

మరి ఏం చెయ్యాలి? ఆపరేటరు మానిటరుకి వైరే వెయ్యండి. కెమెరాకీ మానిటరుకీ మధ్య మీటరు దూరం కూడా లేనిచోట గాలిలో పంపడమేంటండీ, పక్కింటికి పిడకల కోసం విమానమెక్కినట్టు! కుదిరితే ఎస్‌డిఐ వాడండి, దాని కనెక్టరు తిప్పితే లాక్ అవుతుంది. హెచ్‌డిఎమ్‌ఐ అయితే ఊడకుండా క్లాంపు పెట్టండి. ఎస్‌డిఐ వాడేవాళ్ళకి ఒక జాగ్రత్త: ముందు పవర్ కేబుల్ పెట్టి తర్వాత ఎస్‌డిఐ పెట్టండి. తీసేటప్పుడు ఎస్‌డిఐ ముందు, పవర్ తర్వాత. తారుమారు చేస్తే కెమెరా ఎస్‌డిఐ బోర్డు కాలిపోయే అవకాశముంది.

డబ్బు తక్కువైతే ఖర్చుకి వరస ఇదీ: మొదట ఆపరేటరుకి వెలుగున్న తెర. తర్వాత ఫోకస్ పుల్లర్‌కి ఆలస్యం లేని బొమ్మ. అంత పెట్టలేకపోతే, తెరని నమ్ముకోమని అతన్ని బలవంతపెట్టకండి. టేపుతో దూరాలు కొలిచి, నేల మీద మార్కులు వేసి పనిచేసే వీలూ, రిహార్సల్ టైమూ ఇవ్వండి. వీడియో మానిటర్లు రాకముందు దశాబ్దాల పాటు సినిమాలు అలాగే షార్ప్‌గా వచ్చాయి. ఆ చౌక సెట్టు డైరెక్టరు గారి టెంటుకి పంపండి. ఆయన కుర్చీలో కూర్చుని నటన చూస్తారు, 0.1 సెకను ఆలస్యమైతే ఆయన పనికేం నష్టం లేదు. కానీ మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. కూర్చున్నవారికి పెద్ద తెర, నీడ, మంచి లింకు. పాతిక కిలోలు మోస్తూ వెనక్కి నడిచే మనిషికి మిగిలిపోయిన మానిటరు. ఇది బడ్జెట్ సమస్య కాదు, మర్యాద ఎవరికి దక్కాలన్న సమస్య. మన ఆఫీసుల్లో మేనేజరుకి కొత్త ల్యాప్‌టాప్, కోడ్ రాసేవాడికి పాతది ఇచ్చినట్టే.

చివరిగా, డబ్బా మీది అంకె నమ్మకండి, కొలవండి. కంపెనీ చెప్పేది లింకు ఆలస్యమే. కెమెరా అవుట్‌పుట్ ఆలస్యం, మధ్యలో కన్వర్టరు ఉంటే దానిది, మానిటరుది కలిస్తేనే అసలు లెక్క. ఒక ఫోన్లో మిల్లీసెకన్ల స్టాప్‌వాచ్ పెట్టి కెమెరాకి చూపించండి. ఆ ఫోనూ, మానిటరూ రెండూ పడేలా ఇంకో ఫోనుతో పది ఫోటోలు తియ్యండి. రెండు అంకెల తేడానే ఆలస్యం. ఫోన్ తెర సెకనుకి 60 సార్లే మారేదైతే 16 మిల్లీసెకన్లు అటూ ఇటూ ఉంటుంది, అయినా 100 కీ 1 కీ తేడా పట్టుకోవడానికి అది చాలు. సగటు ఒక్కటే రాసుకోకండి, అన్నిటికంటే పెద్ద అంకె కూడా రాసుకోండి. షాటు పాడుచేసేది అదే. అద్దె షాపువాడు వద్దంటే ఇంకో షాపుకి వెళ్ళండి. ఐదు నిమిషాల పని. ఆ షీట్లో అప్పుడు ఆ రెండు కాలమ్సూ కలపండి, నింపండి, ఆ తర్వాత నన్నడగండి. అప్పుడు నన్నడగాల్సిన అవసరమే ఉండదు.