రిపేరు తరువాత వచ్చిన రిపేరు

కారు గ్యారేజీ నుండి వచ్చి మూడు రోజులే అయింది. క్లచ్ ప్లేట్లు మార్పించాము. సంఘస్థులు తలా కొంత వేసుకుని ఇచ్చిన డబ్బుతోనే బిల్లు కట్టాము. బుధవారం సాయంత్రం పక్క గ్రామంలో కుటుంబ ప్రార్థనకు బయలుదేరితే, మా ఊరి పొలిమేర దాటకముందే ఇంజిను దగ్గు వచ్చిన మనిషిలా కుదుపులివ్వడం మొదలుపెట్టింది. డ్యాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజిను బొమ్మ వెలిగి ఆరుతూ ఉంది. వెనుక సీటులో ఇద్దరు సంఘ పెద్దలున్నారు. "మొన్ననే కదా అయ్యగారూ బాగుచేయించారు" అన్నారు ఒకరు.

ఆ మాట చాలింది మాకు. "వాడే ఏదో చేసుంటాడు, బాగున్నదాన్ని కదిపి పాడుచేశాడు" అనేశాము. అంతటితో ఊరుకున్నామా అంటే లేదు. ఆటో పట్టుకుని ఆలస్యంగా చేరి, ఆలస్యానికి కారణం చెబుతూ ఆ గ్యారేజీ పేరు చెప్పి మరీ పదిహేను కుటుంబాల ముందు మాట్లాడాము. వాక్యం చెప్పడానికి వెళ్లినవారం, వాక్యానికి ముందు చెప్పిన మాట అది.

అంత తొందర ఎందుకు వచ్చిందో తరువాత ఆలోచించుకున్నాము. నాలుగేళ్ల క్రితం వేరే గ్యారేజీలో ఇంజిన్ ఆయిల్ మార్పిస్తే, మరునాటి ఉదయానికి కారు కింద నేలంతా నూనె మరక. అడుగున ఉండే బోల్టు సరిగా బిగించలేదు. వెళ్లి అడిగితే, "పాత బండి కదా సార్, ముందునుంచే కారుతుండాలి" అన్నాడు యజమాని. మా చేతిలో బిల్లు లేదు. బిల్లు లేకపోతే నాలుగు డబ్బులు తగ్గుతాయని ఆశపడినది మేమే. (కైసరువి కైసరుకు ఇవ్వమని ప్రసంగించే నోటితోనే!) ఆ పాత మంట మా కడుపులో ఆరలేదు. ఈ కొత్త మెకానిక్ మీద పడింది ఆ నిప్పే.

యెహోషువ గ్రంథం 22వ అధ్యాయంలో సరిగ్గా ఇదే జరిగింది. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను దగ్గర ఒక గొప్ప బలిపీఠం కట్టారన్న కబురు వచ్చింది. వెంటనే ఇశ్రాయేలీయులు షిలోహులో కూడి యుద్ధానికి సిద్ధమయ్యారు. అయితే యుద్ధానికి ముందు యాజకుడైన ఎలియాజరు కుమారుడు ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను పంపారు. వారు వెళ్లి ప్రశ్న అడిగారనుకుంటాం. చదివి చూడండి, ప్రశ్న రూపంలో నేరారోపణే చేశారు. ఆ నేరారోపణలో పెయోరు విషయమైన పాపాన్ని, ఆకాను చేసిన అపరాధాన్ని ఎత్తారు. అంటే పాత గాయాలే మాట్లాడాయి. అయినా వారిలో ఒక మంచి ఉంది. అవతలివారు జవాబు చెబుతుంటే చివరిదాకా విన్నారు. అది బలులకు కాదు, సాక్ష్యానికి కట్టినదని తెలిశాక సంతోషించి తిరిగి వెళ్లారు. కత్తి ఒరలోనే ఉండిపోయింది.

మరునాడు ఉదయం ఆ మెకానిక్‌ను మేమే పిలిపించాము. ఆయన వచ్చేసరికి మా నాలుక సిద్ధంగా ఉంది. ఆయన వాదించలేదు. బానెట్ ఎత్తి, స్కానర్ తగిలించి, రెండో సిలిండరు సరిగా మండడం లేదని చూపించాడు. తరువాత వైరు వెంట వేలు జరుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు. పైతొడుగు కొరికేసి, లోపలి రాగితీగ తెగి ఉంది. ఇంజిను మూత మీద ఎలుక పెంటికలు, వాటి పక్కన నాలుగు వడ్లగింజలు. కారు పెట్టే షెడ్డులోనే కోతపండుగకు వచ్చిన ధాన్యం బస్తాలు వేయించింది ఎవరో కాదు, మేమే.

తరువాత జరిగింది గనుక దానివలననే జరిగిందనుకోవడాన్ని మన పెద్దలు కాకతాళీయం అన్నారు. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకిది తప్పా? అయితే ప్రతిసారీ కాకి నిర్దోషి అని కూడా చెప్పలేము. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి, బ్యాటరీ వైరు తీయాలి, స్టార్టరు వైర్లు, ఎర్త్ వైరు, సెన్సార్ల ప్లగ్గులు ఊడదీయాలి. వాటిలో ఒక్కటి తిరిగి సరిగా కూర్చోకపోయినా వారంలోగా బండి మొరాయిస్తుంది. మూడోరకం కూడా ఉంది. కొత్త వాటర్ పంపు వేస్తే నీటి ఒత్తిడి మళ్లీ పెరిగి, అంతవరకు ఎలాగో నెట్టుకొచ్చిన పాత గొట్టం పగిలిపోవచ్చు. పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే చినుగు పెద్దదవుతుందని ప్రభువు చెప్పిన ఉపమానానికి ఆత్మీయార్థం వేరే, కానీ ఆ దర్జీ అనుభవం మెకానిక్‌కూ తెలుసు. కనుక అనుమానించడం తప్పు కాదు. విచారణకు ముందే తీర్పు చెప్పడం తప్పు.

నిర్గమకాండము 22వ అధ్యాయం 10 నుండి 13 వచనాలు మేము సెమినరీలో పరీక్ష కోసం చదివాము, ఇప్పుడు కారు కోసం చదివాము. ఒకడు తన పశువును పొరుగువానికి అప్పగిస్తే, అది అతని దగ్గర దొంగిలించబడితే అతడు సొమ్ము ఇచ్చుకోవాలి. మృగం చీల్చివేస్తే, చీల్చబడినదాన్ని సాక్ష్యంగా తెచ్చి చూపాలి, అప్పుడు నష్టం కట్టనక్కరలేదు. ఎంత న్యాయం! అప్పగించినవాని నష్టమూ దేవునికి పట్టింది, అప్పగించబడినవాని పరువూ పట్టింది. ఆ మెకానిక్ మా చేతిలో పెట్టిన తెగిన వైరు ముక్క చీల్చబడిన ఆ పశువే.

విశ్వాసి నష్టపోయినా నోరు మూసుకోవాలని కొందరు బోధిస్తారు. మేము ఒప్పుకోము. పనిలో లోపముంటే అడగాలి. అడిగే పద్ధతి ఉంది. ఆ పసుపు దీపం వెలిగి ఆరుతుంటే, లేక ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే, బండిని అక్కడే ఆపాలి. ఇంటిదాకా లాక్కొస్తే కొత్త నష్టానికి మనమే బాధ్యులం. వేరే మెకానిక్ చేత విప్పించకముందు మొదటివాని దగ్గరకే వెళ్లాలి. మత్తయి 18వ అధ్యాయంలో ఒంటరిగా వెళ్లి మాట్లాడమన్న వరుస సంఘానికి చెప్పినదే అయినా గ్యారేజీకీ పనికొస్తుంది. బిల్లు అడిగి తీసుకోవాలి, మార్చిన పాత సామాను చూపించమనాలి. అతడు కాదంటే ఇంకొకరి చేత పరీక్ష చేయించి రాయించుకోవాలి. అప్పటికీ వినకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. డబ్బు తీసుకుని చేసిన మరమ్మతు ఆ చట్టం ప్రకారం సేవే. లోపం బయటపడిన రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇవేవీ అబద్ధసాక్ష్యం కావు. పదిహేను కుటుంబాల ముందు మేము చెప్పినది మాత్రం అబద్ధసాక్ష్యమే.

ఆ ఆజ్ఞ లూథరన్ల లెక్కలో ఎనిమిదవది, తక్కిన మనలో చాలామందికి తొమ్మిదవది. లెక్క ఏదైనా భారం ఒక్కటే. 1529లో లూథరు చిన్న ప్రశ్నోత్తరిలో దీన్ని వివరిస్తూ, పొరుగువాని పనిని వీలైనంత మంచి అర్థంలో తీసుకోమన్నాడు. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, వినకుండా ఎవరినీ దోషిగా తేల్చవద్దంటుంది. రెండూ పిల్లలకు నేర్పడానికి రాసినవి. మేము యాభై దాటినవారం.

తరువాతి బుధవారం అదే గ్రామంలో, అదే కుటుంబాల ముందు, అదే గ్యారేజీ పేరు చెప్పి, పొరపాటు మాదేనని ఒప్పుకున్నాము. ఆటోలో గుసగుసగా చెప్పినది ఆటోలో సరిదిద్దుకోవచ్చు, కూడికలో చెప్పినది కూడికలోనే దిద్దుకోవాలి. అయినా పూర్తిగా దిద్దుకోలేకపోయాము. మా మాట విని ఒక సహోదరుడు తన కారును అప్పటికే వేరేచోట ఇచ్చేశాడు. ఆ పని పోయినందుకు ఆ మెకానిక్‌కు మేము ఏమి ఇచ్చుకోగలం? క్షమించమని అడగడానికి గ్యారేజీకి వెళ్తే, ఆయన ఒక కారు కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాకుండానే అంతా విన్నాడు. కాసేపాగి, "బస్తాలు షెడ్డులోంచి తీయించారా అయ్యగారూ?" అన్నాడు.