గుంటూరుని పల్నాడుగా మార్చాలా? ముందు ఈ చిన్న బటన్ నొక్కండి

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చింది. మాచర్ల, గురజాల అడ్రస్‌లలో గుంటూరు జిల్లా పోయింది. మరి యాప్‌ల కోడ్‌లోనూ మారాలి కదా!

చిక్కు ఇక్కడే. మన తెలుగుకి క్యాపిటల్, స్మాల్ గొడవ లేదు. కోడ్‌లో రాసేది ఇంగ్లిష్ అక్షరాలు. అదే గుంటూరు వేరియబుల్‌లో అన్నీ స్మాల్, క్లాస్ పేరులో మొదటిది మాత్రమే క్యాపిటల్, కాన్‌స్టాంట్‌లో అన్నీ క్యాపిటల్స్. పైథాన్, జావాస్క్రిప్ట్‌లకి ఇవి మూడు వేర్వేరు పేర్లు. మామూలు రీప్లేస్ కొడితే మూడూ ఒక్కటైపోతాయి, కోడ్ ఆగిపోతుంది.

వీఎస్ కోడ్‌లో రీప్లేస్ బాక్స్‌లోనే 'ఏబీ' అని ప్రిజర్వ్ కేస్ బటన్ ఉంటుంది. మ్యాచ్ కేస్ ఆఫ్ చేసి, దీన్ని ఆన్ చేయండి. దేని తీరు దానికే ఉంటుంది. ఈమ్యాక్స్‌లో ఇలాంటిది డిఫాల్ట్‌గానే వస్తుంది.

అయినా నేనైతే రీప్లేస్ ఆల్ కొట్టను, మీరూ కొట్టకండి. ఒక్కొక్కటీ చూసి మార్చడమే నయం. తెనాలి, మంగళగిరి ఇప్పటికీ గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. ఆ బటన్ అక్షరాలు చూస్తుంది గానీ, మ్యాప్ చూడదు!