కంప్రెషన్ పెంచే ముందు కొలత

టర్బో లేని పాత పెట్రోలు కార్లంటే ప్రాణం పెట్టే కుర్రాళ్ల నోట తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: ‘‘అన్నా, హెడ్ ఫేసింగ్ చేయించి కంప్రెషన్ పెంచితే పికప్ వస్తుందా?’’ వస్తుంది. ఎంత వస్తుందో, బదులుగా ఏం పోతుందో లెక్క చూసుకోకుండా మాత్రం ఇంజిన్ విప్పొద్దు.

1500 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్ తీసుకుందాం. ఒక్కో సిలిండర్ వాటా 375 సీసీ. పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు దాని మీద మిగిలే జాగా 41.7 సీసీ అయితే, ఆ రెండూ కలిపి జాగాతో భాగిస్తే వచ్చే కంప్రెషన్ 10:1. దాన్ని 11:1 చేయాలంటే ఆ జాగా 37.5 సీసీకి దిగాలి. తేడా నాలుగు సీసీల పైచిలుకు, టీస్పూను కూడా నిండదు. థర్మోడైనమిక్స్ సూత్రం ప్రకారం దీనివల్ల పెరిగే సామర్థ్యం రెండున్నర శాతం. వంద హార్స్‌పవర్ ఇంజిన్‌కు రెండో మూడో కలుస్తాయి. 8 నుంచి 9కి పెంచితే మూడున్నర శాతం దక్కుతుంది. పైకి పోయేకొద్దీ లాభం తగ్గుతూ, ప్రమాదం పెరుగుతూ పోతుంది.

ఆ ప్రమాదం పేరు నాకింగ్. ప్లగ్ నుంచి మంట పాకేలోపే, మూలన మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే భగ్గుమంటుంది. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, మే నెల ఎండలో శ్రీశైలం ఘాట్ మీద పెద్ద గేర్‌లోనే లాగిస్తుంటే బానెట్ కింద టిక్ టిక్ మంటూ లోహపు చప్పుడు వస్తుందే, అదే. పట్టించుకోకుండా నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, రింగులు కూర్చునే గట్లు విరుగుతాయి, పిస్టన్ తల గుంటలు పడుతుంది. నాక్ సెన్సర్ ఉన్న కారైతే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) ప్లగ్ వెలిగే టైమింగ్‌ను వెనక్కి లాగి ఇంజిన్‌ను కాపాడుతుంది. అప్పుడు డబ్బు పోసి తెచ్చుకున్న పవర్ అక్కడే ఆవిరి.

కంప్రెషన్ ఎంత ఉండాలో చివరికి తేల్చేది బంకులో దొరికే పెట్రోలే. మాజ్దా కంపెనీ 2012లో తెచ్చిన సీఎక్స్-5 కారు ఇంజిన్‌ను యూరప్‌కు 14:1తో ఇచ్చింది. అదే ఇంజిన్‌ను అమెరికాలోని మామూలు పెట్రోలు కోసం 13:1కి దించింది. డైరెక్ట్ ఇంజెక్షన్, వేడి పొగను త్వరగా బయటికి లాగే 4-2-1 ఎగ్జాస్ట్, గుంట తీసిన పిస్టన్లు అన్నీ ఉండి కూడా ఇంధనం ముందు తగ్గింది. నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత ఆక్టేన్; 95, 100 ఆక్టేన్ పెట్రోలు మన దగ్గరా అమ్ముతున్నారు. కానీ హైదరాబాద్‌లో దొరికే 100 ఆక్టేన్ రాత్రిపూట హైవే మీది పల్లె బంకులో దొరుకుతుందా? ఇథనాల్ కలిపితే ఆక్టేన్ పెరుగుతుంది, నిజమే. కానీ మండటానికి అది పెట్రోలు కంటే తక్కువ గాలి అడుగుతుంది. ఇంధనం పాళ్లు సవరించకపోతే మిశ్రమం పల్చబడుతుంది.

ఇక హెడ్ అడుగు చెక్కి ఆ జాగా తగ్గించే లేత్ పని, అదే హెడ్ ఫేసింగ్. ‘‘ఒక మిల్లీమీటరు తీసేద్దాం’’ అనే మాట నాకు గుండెదడ. అంత తీస్తే వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, బెల్టు వదులై, వాల్వులు తెరిచే క్యామ్ టైమింగ్ వెనక్కి జరుగుతుంది. సరైన పనివాడు ముందు కొలుస్తాడు. హెడ్‌ను బోర్లించి, వాల్వులు మూసి, ప్లగ్ బిగించి, అంచుకు గ్రీజు రాసి, చిన్న రంధ్రమున్న గాజు పలక అతికిస్తాడు. బ్యూరెట్‌తో రంగు ద్రవం చుక్క చుక్కగా వదిలి, గాలి బుడగ మిగలకుండా నింపి, ఎన్ని సీసీలు పట్టిందో రాసుకుంటాడు. నాలుగు గదులూ సమానంగా వచ్చేదాకా వదలడు. గ్యాస్కెట్ మందం, పిస్టన్ గుంట కలిపాకే కంప్రెషన్ ఎంతో చెబుతాడు.

1995లో హోండా ఇంటెగ్రా టైప్ ఆర్ 1.8 లీటర్ల ఇంజిన్ నుంచి 200 హార్స్‌పవర్ రాబట్టింది. అక్కడ కంప్రెషన్ 11.1:1 ఒక్కటే కాదు. పెద్ద క్యామ్‌లు, చేత్తో నునుపు చేసిన పోర్టులు, ఎనిమిది వేల ఆర్‌పీఎం తట్టుకునే భాగాలు కలిసి పనిచేశాయి. పెద్ద క్యామ్ ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూస్తుంది కాబట్టి తక్కువ వేగంలో సిలిండర్‌లో ఒత్తిడి పడిపోతుంది. దాన్ని తిరిగి నిలబెట్టేది ఎక్కువ కంప్రెషన్. క్యామ్ మార్చేవాడికి అది అవసరం. స్టాక్ క్యామ్‌తో తిరిగేవాడికి ఆ రెండు మూడు హార్స్‌పవర్ కోసం ఇంజిన్ విప్పడం నష్టమే.

అందుకే నా విన్నపం. నిత్యం పోసే పెట్రోలు ఏదో ముందు తేల్చుకోండి. క్యామ్, పిస్టన్లు, ట్యూనింగ్ కలిపి చేయించే స్తోమత ఉంటేనే దిగండి. హెడ్ మీద బ్లేడు పడకముందే కంప్రెషన్ లెక్క కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వలేనంటే హెడ్ తీసుకుని ఇంటికి వచ్చేయండి.