ఆ టీషర్టు వెనక్కి తీసుకోవాల్సిందే

యూట్యూబులో, ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు తెచ్చుకున్నవాళ్లు తమ బొమ్మో, తమ ఊతపదమో అచ్చేసి టీషర్టులు, హుడీలు, టోపీలు, సీసాలు అమ్ముతున్నారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు ఇంట్లో చెప్పకుండా వాటిని కొన్నప్పుడు, పెద్దలు అడిగిన వెంటనే సరుకు వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వాలి. కవరు విప్పారా, ఒకసారి తొడిగారా, గడువు దాటిందా అన్న పేచీలు ఉండకూడదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ మేరకు స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ముంబైలో కామాటిపుర గల్లీల్లో, వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు చాళ్లలో పెరుగుతున్న తెలుగు పిల్లల తరఫున, వాళ్ల తల్లుల తరఫున ఈ డిమాండు చేస్తున్నాం.

బట్ట విలువ ఎంతో ఈ చాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాటీలు రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ నగరాన్ని కట్టారు. వాళ్ల పేరే పేటకు మిగిలింది. తర్వాత తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలీలు పరేల్, వర్లీ మిల్లుల్లో సాంచాల ముందు నిలబడ్డారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొందరు భివండీ పవర్‌లూమ్‌లకు పోయారు, కొందరు ఊరికి తిరిగిపోయారు, కొందరు పొద్దున్నే నాకా మీద నిలబడి కూలి వెతుక్కున్నారు. లోయర్ పరేల్‌లోని ఫీనిక్స్ మిల్లు ఇవాళ మాల్. గజం బట్టకు ఎంత నూలు పడుతుందో చేతి లెక్కన చెప్పగలిగిన తాతల ఇళ్లలో ఇప్పుడు ఒక్క టీషర్టుకు పోతున్న డబ్బు చూస్తే కడుపు రగులుతుంది.

లెక్క దాచేదేమీ లేదు. తిరుప్పూరులో అల్లి కుట్టిన మామూలు టీషర్టు టోకున రెండు మూడు వందలకు దొరుకుతుంది. బరువైన బట్టతో వదులుగా కుట్టిందైతే మరో వంద అనుకుందాం. ముద్ర వేయడం, ప్యాకింగ్, కొరియరు అన్నీ కలిపినా మొత్తం ఐదారు వందలు దాటడం కష్టం. దాని మీద ఒక ప్రసిద్ధుడి మాట పడగానే వెయ్యిన్నర, రెండు వేలు. హుడీ అయితే మూడు వేలు. పైన పడిన ఆ వెయ్యీ, రెండు వేలూ నలుగురిలో తక్కువగా కనిపిస్తానేమోనన్న పిల్లవాడి భయం నుంచి వసూలవుతున్నాయి.

అమ్మే తీరు చూడండి. ముందు పది రోజులు వీడియోల్లో ఆ చొక్కా తొడుక్కుని తిరుగుతారు, ఏమీ చెప్పరు. తర్వాత ‘డ్రాప్’ తేదీ ప్రకటిస్తారు. ఆ రోజు సైటులో గడియారం వెనక్కి నడుస్తుంటుంది; ఇన్ని పీసులే మిగిలాయని ఎర్రటి అక్షరాలు వెలుగుతుంటాయి. కొన్నవాళ్ల ఫొటోలు స్టోరీలో పెట్టి పేరుపేరునా కృతజ్ఞతలు చెబుతారు. నిజమైన అభిమాని వదులుకోడని ఒక మాట విసురుతారు. వారం తర్వాత అదే చొక్కా ‘మళ్లీ వచ్చింది’ అంటూ అదే ధరకు సిద్ధం. పద్నాలుగేళ్ల పిల్ల ఆ గడియారాన్ని నమ్ముతుంది. నమ్ముతుందని అమ్మేవాడికి తెలుసు. కాబట్టే ఆ గడియారం అక్కడుంది.

చొక్కా మీద పిల్లలకు ఉన్న ఆశను మేము చులకన చేయం. ముంబైలో గణపతి మండలి టీషర్టు తెలియని చాల్ లేదు. దహీ హండీకి గోవిందా జట్ల వాళ్లంతా ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని వరసలో నిలబడతారు. ఆ చొక్కా ఎవరో చందా ఇస్తే వస్తుంది, వీపు మీద ఒక నాయకుడి ఫొటో కూడా ఉంటుంది, ఉతికితే రంగు పోతుంది. అయినా అది ఒంటి మీద ఉన్నంతసేపూ పిల్లవాడు ఒంటరివాడు కాదు. నలుగురితో కలిసి ఉండాలన్న ఆ కోరికనే ఇన్‌ఫ్లుయెన్సర్ల దుకాణం పట్టుకుంది. మండలి ఊరికే ఇచ్చేదాన్ని ఇది రెండు వేలకు అమ్ముతోంది.

కామాటిపుర పిల్లల విషయంలో ఆ కోరిక ఇంకా లోతుకు వెళుతుంది. బడిలో ఇల్లెక్కడని అడిగితే పేట పేరు చెప్పకుండా ‘నాగ్‌పాడా’ అనో, ‘ముంబై సెంట్రల్ దగ్గర’ అనో చెప్పే పిల్లలు ఎందరో ఉన్నారు. రెడ్‌లైట్ ఏరియా అని పేరుకు అంటిన మచ్చ బరువు ఎంతటిదంటే, 2022లో ‘గంగూబాయి కాఠియావాడీ’ సినిమా విడుదలకు ముందు తమ పేట పేరు అందులో వాడొద్దని ఇక్కడివాళ్లు హైకోర్టు దాకా వెళ్లారు. పుట్టిన చోటు చెప్పుకోలేని పిల్లవాడికి, పేరున్నవాడి ముద్ర ఛాతీ మీద ఉంటే అది ఒక కొత్త చిరునామాలా అనిపిస్తుంది. గ్రాంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద, నల్ బజార్‌లో అదే బొమ్మ ఉన్న చొక్కా రెండు వందల యాభైకి దొరుకుతుంది. కానీ దాన్ని తొడుక్కుంటే ‘కాపీ’ అని పిలుస్తారు. అసలైనది కొనడానికి చేసే తెగింపు వెనక ఆ ఒక్క పిలుపు ఉంది. కాపీ అన్న పిల్లవాడిని కొట్టి వచ్చిన తమ్ముడిని తిట్టే ముందు, ఆ మాటకు అంత పదును పెట్టిందెవరో అడగాలి.

ధరే గౌరవమని పిల్లలకు నేర్పిందీ తెరే. పుణె బస్తీలో పుట్టి ర్యాపర్‌గా ఎదిగిన ఎంసీ స్టాన్ 2023 ఫిబ్రవరిలో హిందీ బిగ్ బాస్ 16వ సీజన్ గెలిచాడు. ఆ ఇంట్లో అతను ఎనభై వేల బూట్ల గురించి చెప్పిన మాట ఊరూరా మోగింది. అతని ఎదుగుదల మీద మాకు గౌరవమే. ఆ మాట విన్న పన్నెండేళ్ల పిల్లవాడికి మాత్రం పాట కన్నా ధరే ఎక్కువ గుర్తుండిపోయింది. 2024 నవంబరులో మిస్టర్ బీస్ట్, లోగన్ పాల్, కేఎస్ఐ కలిసి ముంబైకి వచ్చారు. ఫీస్టబుల్స్ చాక్లెట్లకు, ప్రైమ్ పానీయానికి ఇక్కడ మార్కెట్ తెరవడం ఆ రాకలోని పని. ప్రపంచంలోని అతి పెద్ద యూట్యూబర్లు కూడా అభిమానాన్ని అల్మారాలో పెట్టి అమ్ముకునే సరుకుగానే చూస్తున్నప్పుడు, గల్లీ స్థాయి రీల్స్ కుర్రాడు అదే దారి పట్టడంలో వింత లేదు.

తెలుగులో ఈ దారి చాలాకాలంగా ఉంది. 2018లో విజయ్ దేవరకొండ రౌడీ వేర్ మొదలుపెట్టారు; తర్వాత మహేశ్ బాబు ది హంబుల్ కో తెచ్చారు. పేరున్నవాళ్లు బట్టలు అమ్మడం తప్పని మేము అనడం లేదు. కొనేవాడు తన సంపాదనతో కొంటే ఆ ధర అతని ఇష్టం. 2025 ఏప్రిల్‌లో వచ్చిన అలేఖ్య చిట్టి పికిల్స్ గొడవను మాత్రం గుర్తు చేసుకోవాలి. రీల్స్ పేరుతో నడిచిన ఆ పచ్చళ్ల వ్యాపారంలో, ఇంత ధరేమిటని వాట్సాప్‌లో అడిగిన కొనుగోలుదారుకు బూతులతో కూడిన వాయిస్ మెసేజ్ జవాబుగా వెళ్లింది. జనం మండిపడ్డారు, దుకాణం మూతపడింది. అడిగినవాడు పెద్దవాడు కాబట్టి ఆ జవాబు బయటికొచ్చింది. అదే అవమానం పిల్లవాడికి జరిగితే లోపలే మింగేస్తాడు, లేదా అమ్మ ఫోన్ తీసుకుంటాడు.

అమ్మ ఫోనే ఈ వ్యాపారానికి గల్లా పెట్టె. తల్లి యూపీఐ పిన్ పిల్లవాడికి తెలుసు, ఎందుకంటే ఆమెకు ఆ యాప్ వాడటం నేర్పింది వాడే. నాలుగు ఇళ్లలో పనిచేసి వచ్చే తల్లి, నాకా మీద పని దొరికిన రోజే కూలి చూసే తండ్రి. రెండు వేలంటే ఆ ఇంట్లో రెండు మూడు రోజుల కష్టం. బతుకమ్మకు చీర కొందామని ఆమె ఖాతాలో ఉంచుకున్న డబ్బు అదే కావచ్చు. మెసేజ్ ఇంగ్లీషులో వస్తుంది, ఆమె చదవదు. నెలాఖరుకు కిరాణా దుకాణంలో ‘బ్యాలెన్స్ లేదు’ అని తెరమీద పడ్డప్పుడు తెలుస్తుంది. అప్పటికి రిటర్న్ గడువు దాటిపోయి ఉంటుంది. అసలు చాలా సైట్లలో ‘డ్రాప్’ సరుకుకు రిటర్న్ లేదని ముందే రాసి పెడుతున్నారు.

తల్లిదండ్రులే పిల్లల్ని అదుపులో పెట్టుకోవాలన్న వాదన వినిపిస్తుంది. బీడీడీ చాళ్లలో ఒక ఖోలీ 160 చదరపు అడుగులు. అందులో ఐదారుగురు పడుకుంటారు, రెండు షిఫ్టుల్లో పని చేస్తారు. అలాంటి తల్లిని, లక్షల మంది చూపు ఎటు తిరుగుతుందో నిమిషం నిమిషం లెక్కగట్టే యంత్రాంగంతో పోటీ పడమనడం అన్యాయం. వీడియోలు చేసేవాళ్లకూ బతుకుతెరువు కావాలి, యూట్యూబ్ ప్రకటనల ఆదాయం నిలకడగా ఉండదు అన్నది రెండో వాదన. అందులో నిజం ఉంది, ఈ చాళ్ల నుంచి కూడా కెమెరా పట్టి పైకొస్తున్న పిల్లలున్నారు. వాళ్ల సంపాదన వాళ్లలాంటి ఇళ్ల నుంచే, తల్లిదండ్రులకు తెలియకుండా రావాలా అన్నదే మా ప్రశ్న.

కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఉన్నది అమలు చేస్తే చాలు. 2022 జూన్ 9న వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నిరోధక మార్గదర్శకాలు పిల్లల గురించి విడిగా చెప్పాయి. వాళ్ల అనుభవలేమిని, సులువుగా నమ్మే గుణాన్ని, విధేయతను వాడుకోకూడదు. కొనకపోతే తక్కువవారవుతారనో, తోటివారిలో ఆదరణ పోతుందనో, ద్రోహం చేసినట్టనో సూచించకూడదు. కొనమని పిల్లల్ని నేరుగా పురమాయించకూడదు. పైన చెప్పిన ‘డ్రాప్’ పద్ధతిని ఈ వాక్యాల పక్కన పెట్టి చదవండి, ఒక్కటీ మిగలదు. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు తప్పుడు తొందర కల్పించడాన్ని పేరు పెట్టి నిషేధించాయి. వెనక్కి నడిచే ఆ గడియారాన్ని పట్టుకోవడానికి ఈ ఒక్క నిబంధన చాలు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయనిస్తుంది. ప్రచారకర్తను ఏడాది పాటు, మళ్లీ తప్పు చేస్తే మూడేళ్ల వరకు ప్రచారాలు చేయకుండా ఆపనిస్తుంది.

వీటన్నిటికన్నా పాత మాట ఒకటుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదేనని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. తిండి, బడి వంటి అవసరాలకు సరఫరా చేసినవారికి చట్టంలో రక్షణ ఉంది. మూడు వేల హుడీ ఆ జాబితాలోకి రాదు. మరి సైటులో వయసు అడిగే గడి ఎందుకు ఉండదు? వయసు అడిగితే అమ్మకం ఆగిపోతుంది కాబట్టే. అడగకుండా అమ్మినవాడే ఆ నష్టం భరించాలి.

ఈలోగా ఇక్కడి తెలుగు సంఘాలు చేయదగిన పని ఒకటుంది. పండగ సభల్లో సన్మానాలకు పెట్టే సమయంలో ఒక గంట తీసి, ఫిర్యాదు రాసిపెట్టే బల్ల వేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 తెలుగులోనూ పలుకుతుంది. ఐదు లక్షల లోపు విలువైన ఫిర్యాదుకు వినియోగదారుల కమిషన్‌లో రుసుము లేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సైటూ ఫిర్యాదుల అధికారి పేరు చూపాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. తల్లి పక్కన కూర్చుని ఇవి నింపిపెట్టే చదువుకున్న కుర్రాళ్లు ప్రతి గల్లీలో ఉన్నారు. పిల్లవాడిని నలుగురి ముందు నిలబెట్టి తిట్టొద్దు. చొక్కా మడతపెట్టి, బిల్లు ఫొటో తీసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి.

ప్రాధికార సంస్థ చేయాల్సినవి మూడు. ప్రతి ఇన్‌ఫ్లుయెన్సర్ సరుకు పేజీలో తయారీదారు పేరు, గరిష్ఠ చిల్లర ధర కొట్టొచ్చినట్టు కనబడాలి. చెల్లింపుకు ముందు కొనేవారి వయసు అడగాలి. మైనరు కొన్నది నిస్సంకోచంగా వెనక్కి తీసుకోవాలి. గణపతి, దసరా, దీపావళికి ప్రతి ఏడాదీ కొత్త ‘డ్రాప్’లు వస్తాయి. వచ్చే గణపతికి ముందే ఆ ఉత్తర్వు రావాలి.